నాలుగు నుంచి నాలుగుంపావు దాకా

నంద్యాల,
6 జనవరి 2025.

తమ్ముడు ఆశీర్వాదానికి,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి, ఆ వెంటనే చెవి మెలిపెట్టి మీ అక్క రూతు రాస్తున్న ఉత్తరం.

నిన్న ఆదివారం ఆరాధనలో నా సెల్లు పద్నాలుగు సార్లు మోగింది. పద్నాలుగూ నువ్వే. అది సంచి అడుగున పడి ఒక పట్టాన చేతికి దొరకలేదు. పాస్టరుగారు ప్రసంగం ఆపి, "ఎవరికో అర్జంటు ఉన్నట్టుందమ్మా, బయటికి పోయి మాట్లాడండి" అన్నారు. చర్చి మొత్తం తల తిప్పి నన్నే చూసింది. గుండె అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చి ఎత్తితే నువ్వడిగింది ఏమిటి? "అక్కా, నాలుక తెల్లగా ఉండాది. ఇది ఏందీ?" పొద్దున ఏం తిన్నావురా అంటే "పెరుగన్నం" అన్నావు.

ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. వార్డులో నలభై మంచాలు ఒక్కదాన్నే చూసుకున్న రోజులున్నాయి. ఆ నలభై మందీ కలిసి నన్ను పెట్టనంత బాధ నువ్వొక్కడివే పెడుతున్నావు. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్లు, నాకు పంతొమ్మిది. అప్పుడు నీ ముక్కు తుడవడం మొదలుపెట్టాను. ఇంకా తుడుస్తూనే ఉన్నాను.

అందుకని గట్టిగా ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ రోజు నుంచి నీ రోగాల గురించి ఫోను బంద్. ఏదున్నా ఉత్తరం రాయి. నువ్వు కాగితం వెతుక్కుని, రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచేసరికి సగం రోగాలు నయమవుతాయి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఉత్తరం రావడానికి రెండు మూడు రోజులు. మిగతా సగం దారిలో పోతాయి. నా చేతికొచ్చేసరికి ఏదన్నా మిగిలి ఉంటే దానికి మాత్రం మందు చెబుతాను. సెల్లులో రోగాల పేర్లు వెతికావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి ఆ సెల్లు నీ ఉలితోనే పగలగొడతాను.

అంబులెన్సు ఎక్కేటప్పుడు మాత్రం ఫోను చెయ్యొచ్చు.

ఇట్లు,
నీ మీద ప్రేమ చావని, ఓపిక మాత్రం చచ్చిన
అక్క రూతు

తా.క.: అంబులెన్సు ఎక్కేది నువ్వే అయి ఉండాలి. రోడ్డు మీద పోయేదాన్ని చూసి భయమేసిందని ఫోను చేస్తే ఎత్తను.

*

ఆళ్లగడ్డ,
10 జనవరి 2025.

అమ్మ తర్వాత అమ్మలాంటి అక్కకు,

తమ్ముడు ఆశీర్వాదం వందనాలు. ఇక్కడ నేను, నీ మరదలు ప్రసన్న క్షేమం. అంటే ప్రసన్న క్షేమం.

నువ్వు చెప్పినట్టే కవరు కొనడానికి పోస్టాఫీసు దాకా నడిచాను. ఉన్న రోగాలు పోలేదు, ఆయాసం కొత్తగా చేరింది.

అక్కా, నేను ఊరికే భయపడుతున్నానని నువ్వు అనుకుంటున్నావు. నా లెక్క విను. జనవరి ఒకటిన మీ చర్చికి వచ్చాం కదా. అందరితో పాటు నేనూ బుట్టలో చెయ్యి పెట్టి ఈ ఏడాదికి నా వాగ్దానపు కార్డు, బైబిలు వాక్యం అచ్చేసింది, తీసుకున్నాను. కళ్లద్దాలు మరిచిపోయి వచ్చానని నువ్వే చదివి పెట్టావు. దేవుడు నన్ను స్వస్థపరుస్తాడని వచ్చింది. మన అలవాటు ప్రకారం వెనక పేరు రాయాలంటే, అదీ నువ్వే పెన్సిలుతో రాసిచ్చావు. అప్పటినుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. రోగమే లేకుంటే దేవుడు స్వస్థపరుస్తానని ఎందుకంటాడు? ఆయన అబద్ధమాడడు. వాగ్దానమేమో ఈ ఒక్క ఏడాదికే. అంటే డిసెంబరు ముప్పై ఒకటి లోపల రోగం రావాలి, ముదరాలి, నయం కావాలి. టైము చాలా తక్కువ. అది ఏ రోగమో బేగా తెలిస్తే కదా నేను సిద్ధపడేది!

నా పని సంగతి కూడా నీకు తెలుసు. పక్క కొట్టంలో మాధవయ్యన్న దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. ఆయన దగ్గరికి జనం నవ్వుకుంటూ వస్తారు. నేను సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాను. నా దగ్గరికి ఏడ్చుకుంటూ వస్తారు. పోయినాయన వయసెంత, ఏ జబ్బు అని అడగకుండా నా నోరు ఊరుకోదు. వాళ్లు చెబుతారు. సాయంత్రానికల్లా ఆ జబ్బు నాకు వచ్చేస్తుంది. నిన్న మూత్రపిండాల ఆయన రాయి చెక్కాను. ఈ రోజు నడుం పట్టేసింది.

ఇంకో మాట. అమ్మ నలభై ఏడేళ్లకు పోయింది. మార్చి ఇరవైకి నాకు నలభై ఏడు. ఈ మాట ప్రసన్నతో కూడా అనలేదు.

ఇట్లు,
ఇప్పటికైతే ఉన్న నీ తమ్ముడు
ఆశీర్వాదం

తా.క.: బీపీ ఈ రోజు పదకొండు సార్లు చూసుకున్నాను. మొదటిసారి మామూలుగానే ఉంది. మిషను చెడిపోయిందేమోనని మళ్లీ మళ్లీ చూస్తే పెరిగింది.

ఇంకో తా.క.: నీ కార్డులో ఏం వచ్చిందో నాకు చెప్పనేలేదు.

*

నంద్యాల,
16 జనవరి 2025.

తమ్ముడికి,

అక్క వందనాలు. నీ లెక్క చదివి తల పట్టుకుని కూర్చున్నాను. దేవుడు ధైర్యం కోసం ఒక మాట ఇస్తే దాన్ని నోటీసులా చదువుకునేవాణ్ణి నిన్నే చూశాను. వాగ్దానం అంటే చిలక జోస్యం కాదురా. వాక్యం మన చేతికి ఇచ్చేది పట్టుకుని నడవడానికి. నెత్తిన వేసుకుని కూలబడటానికి కాదు.

అమ్మ సంగతి రాశావు. అమ్మకు వచ్చింది రోగం, నిజమే. అమ్మను తీసుకుపోయింది మాత్రం ఎవరికీ చెప్పకుండా కొంగు చాటున దాచుకోవడం. నలభై ఏళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు. వయసు నలభై ఏడైతే ఏం, యాభై ఏడైతే ఏం! నాకు యాభై ఎనిమిది, నేను లేనా?

ఇక మందు చెబుతున్నా. తు.చ. తప్పకుండా పాటించు.

ఆ బీపీ మిషను తీసుకుపోయి మీ పాస్టరు మనోజ్ అయ్యగారి చేతికి ఇచ్చెయ్యి. నెలకొకసారి ఆయన ఎదురుగా చూసుకో, చాలు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి నాలుగుంపావు దాకా భయపడటానికి నీకు సెలవిస్తున్నా. ఆ పావుగంటలో ఎంత భయపడతావో భయపడు. కాగితం మీద రాసి, అది దేవుడి ముందు చదివి, బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టు. మళ్లీ మర్నాడు నాలుగింటికే మూత తియ్యాలి. మధ్యలో ఏదన్నా భయం వచ్చి తలుపు కొడితే, "నాలుగింటికి రా పో" అని చెప్పు. వారానికొకసారి నిజంగా జబ్బు పడ్డవాళ్లను పోయి పలకరించి, వాళ్ల కోసం ప్రార్థన చెయ్యి. రోజంతా నీ పొట్ట వైపే చూసుకుంటే పక్కవాడి మొహం ఎప్పుడు చూస్తావు?

ఇట్లు,
అక్క రూతు

తా.క.: నా కార్డు సంగతి నీకెందుకు? పరీక్షలో పక్కవాడి పేపరు చూసే బుద్ధి నీకింకా పోలేదు.

*

ఆళ్లగడ్డ,
28 జనవరి 2025.

అక్కకు,

వందనాలు. నువ్వు చెప్పినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేశాను. నడుం కట్టుకుని చేశాను. ఏం జరిగిందో చదువు.

బీపీ మిషను తీసుకుపోయి మనోజ్ అయ్యగారి చేతిలో పెట్టాను. ఎందుకిస్తున్నానో చెప్పేలోపే ఆయన కళ్లు మూసుకుని స్తోత్రం చెల్లించాడు. నేను సంఘానికి కానుకగా ఇచ్చానని అనుకున్నాడు. ఆదివారం నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆరాధన అయ్యాక అందరూ వరసగా నిలబడి చూపించుకున్నారు. పదకొండు మందికి ఎక్కువుంది. వాళ్లంతా ఇప్పుడు నా దగ్గరికి వచ్చి "ఏందప్పా, మేం నిమ్మళంగా ఉంటే నీ మిషను తెచ్చి మాకు రోగం పెడితివే!" అంటున్నారు. అయ్యగారికి నూట అరవై వచ్చింది. ఎక్కువసేపు గట్టిగా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడట. ఇప్పుడు ప్రసంగం ఇరవై నిమిషాల్లో అయిపోతోంది. దానికి మాత్రం అందరూ నాకు రుణపడి ఉన్నామంటున్నారు.

పలకరింపులకూ పోయాను. మోకాళ్ల నొప్పులతో మంచాన పడ్డ ఒక అవ్వ దగ్గర కూర్చుని, ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువవుతుంది అని అంతా వివరంగా అడిగి ప్రార్థన చేశాను. అవ్వ లేచి కూర్చుని కాఫీ పెట్టించింది. నేను కుంటుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాడు దగ్గు ఆయన దగ్గరికి పోతే ఆయన నన్ను చూసి, "నాయనా, నువ్వు నాకంటే ఎక్కువ దగ్గుతాండావ్. ముందు నువ్వు ఇంటికి పో" అన్నాడు.

పావుగంట మాత్రం బాగా పనిచేస్తోంది. మొదట్లో భయాలు పొద్దున్నుంచే వరస కట్టేవి. "నాలుగింటికి రండి" అని గట్టిగా చెబుతున్నాను. చాలామటుకు నాలుగింటికి రావడం లేదు. ఉలి పట్టుకుంటే మునుపటిలా అక్షరం పక్కకు పోవడం లేదు. అయితే పావుగంట సరిపోవడం లేదక్కా. నాలుగూ నలభై దాకా పొడిగిస్తే బాగుంటుంది.

ఇట్లు,
నీ మాట జవదాటని
ఆశీర్వాదం

తా.క.: కొట్టంలో మంచి నల్లరాయి ముక్క ఒకటి మిగిలింది. ఎవరికో ఎందుకని నా పేరే చెక్కిపెట్టాను. పేరు, పుట్టిన తేదీ అయ్యాయి. "ప్రభువునందు నిద్రించినది" అన్నచోట 20 అని చెక్కి, మిగతా రెండంకెలకు చోటు వదిలాను. పనితనం చాలా బాగా వచ్చింది. అక్షరాల రంగు ఆరడానికి... అంటే చూసుకోవడానికి రోడ్డు పక్క నిలబెట్టాను. ప్రసన్న మూడు రోజులుగా మాట్లాడటం లేదు.

*

నంద్యాల,
3 ఫిబ్రవరి 2025.

ఒరేయ్ ఆశీర్వాదం,

వందనాలు తర్వాత. ముందు ఆ రాయిని రోడ్డు మీద నుంచి తీసి లోపల పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం కూర చెయ్యడానికి చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నాను. వాకిట్లో ఏడుపు. చూస్తే మా చర్చి స్త్రీల సమాజం పన్నెండు మంది, అందరూ తెల్లచీరలు కట్టుకుని, ముందు సమాజం పెద్ద భారతమ్మ, ఆమె చేతిలో పెద్ద పూలదండ. వాళ్లలో ఒకామె ఆళ్లగడ్డ మీదుగా బస్సులో వస్తూ కిటికీలోంచి నీ రాయి చూసిందట. పేరు చదివింది, నిద్రించాడని చదివింది. తేదీ చదివేలోపు బస్సు కదిలిందట.

"మా తమ్ముడు బతికే ఉండాడమ్మా" అన్నాను. భారతమ్మ నన్ను కౌగిలించుకుని, "అవునమ్మా, ప్రభువులో బతికే ఉండాడు. నీ విశ్వాసం చూస్తే కడుపు నిండుతాంది" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. "కాదమ్మా, మొన్ననే ఉత్తరం రాసినాడు" అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె మెల్లగా నా చేతిలోంచి చిక్కుడుకాయలు తీసుకుని, "నువ్వు కాసేపు పడుకో రూతమ్మా, అంతా సర్దుకుంటాది" అంది. నువ్వు పోయినందుకు ఆదరణ కూడిక ఏ రోజు పెట్టుకుందాం, భోజనాలు ఎంతమందికి అని నా వాకిట్లోనే నిర్ణయాలు జరిగిపోతున్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ప్రసన్నకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. "ఉండాడు వదినా. రెండోసారి అన్నం పెట్టించుకుంటాండాడు" అంది. అప్పుడు గానీ నమ్మలేదు. భారతమ్మకు కాస్త నిరాశ కలిగినట్టే ఉంది.

ఇక నీతో సగం సగం పనులు కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డాక్టరు దగ్గరికి పో. రక్తం, మూత్రం, ఈసీజీ, ఎక్స్‌రే, స్కానింగు, అన్నీ చేయించుకో. నువ్వు రాతిదుమ్ములో పనిచేసేవాడివి, ఊపిరితిత్తులు చూపించుకోవడం మంచిదే. ఏదన్నా ఉంటే తెలుస్తుంది, మందు వాడదాం. లేకుంటే లేదని తెలుస్తుంది. తెలుసుకోకుండా భయాన్ని చంకన పెట్టుకుని తిరగడం విశ్వాసమూ కాదు, తెలివీ కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నా.

ఆ రాయిని పారేయొద్దు. తిప్పి, వెనక వైపు నీ కార్డులో ఉన్న వాక్యం చెక్కు. పెద్ద అక్షరాలతో చెక్కు. చావు వైపు కాకుండా ఆ వైపు చూస్తూ పనిచేసుకో.

నాలుగూ నలభై కుదరదు. నాలుగుంపావే.

ఇట్లు,
నీ ఆదరణ కూడికకు పిలుపులు ఆపలేక చచ్చిన
అక్క రూతు

తా.క.: నా రాత వంకరగా ఉందని అనుకుంటావేమో. రాసే చెయ్యి పైకెత్తితే చంక దగ్గర లాగుతోంది. మిద్దె మీద బట్టలు ఆరేయడం మానేశాను. వయసు. నువ్వు దీని మీద నాలుగు పేజీలు రాయొద్దు.

ఇంకో తా.క.: పూలదండను పూలకొట్టువాడు వెనక్కి తీసుకోలేదు. మా గేటుకు వేలాడుతోంది. పోస్టుమాను చూసి నాకే ఏదో అయిందనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు.

*

ఆళ్లగడ్డ,
19 ఫిబ్రవరి 2025.

అక్కకు,

తమ్ముడు వందనాలు. ఈ ఉత్తరం నిదానంగా చదువు.

పరీక్షలన్నీ చేయించుకున్నాను. తల నుంచి కాలిగోటి దాకా ఏమీ లేదు. ఊపిరితిత్తులు కూడా శుభ్రంగా ఉన్నాయి. మాస్కు మాత్రం మానొద్దన్నాడు డాక్టరు. "ఇంకోసారి చూడు సార్" అన్నాను. "ఎన్నిసార్లు చూసినా నీకు ఏమీ లేదప్పా" అన్నాడు. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. సంతోషపడాలి కదా? నాకు దిగులేసింది. నాకు రోగం లేకుంటే దేవుడు బాగుచేస్తానన్నది ఎవరిని?

మాధవయ్యన్నతో ఈ మాటంటే, సుత్తి కింద పెట్టి నన్ను పైకీ కిందికీ చూశాడు. "రోగం లేదని ఏడ్చేటోణ్ణి నిన్నే చూస్తాండా" అని మళ్లీ పనిలో పడ్డాడు.

సరే, నువ్వు చెప్పిన పని చేద్దామని ఈ రోజు సాయంత్రం రాయి తిప్పాను. చెక్కే ముందు అక్షరాలు చూసుకోవడానికి చొక్కా జేబులోంచి కార్డు తీశాను. వెనక నా పేరు నీ చేతిరాతతో ఉంది. ఇన్ని రోజులూ ముందు వైపే చూశాను గానీ వెనక సరిగ్గా చూడలేదు. వేలితో తడిమితే నా పేరు కింద కాగితం గరుగ్గా తగిలింది. రబ్బరుతో చెరిపిన చోటు అది. చెరిపింది కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. ఇరవై ఐదేళ్లుగా నా వేలికి ఉన్న పని అదే.

పాత సమాధుల మీద పేర్లు అరిగిపోతే మేం ఏం చేస్తామో నీకు ఒకసారి చూపించాను. పొడి రాసి మెత్తగా తుడిస్తే గంట్లలో పొడి నిలబడి అక్షరం పైకి లేస్తుంది. కార్డు మీద బొగ్గుపొడి రాసి తుడిచాను. నా పేరు కింద ఇంకో పేరు లేచింది.

రూతు.

అక్కా, ఆ కార్డు నాది కాదు. నీది.

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. నీ కార్డు సంగతి అడిగితే తిట్టావు. చెయ్యి ఎత్తలేకపోతున్నానన్నావు. నాలుగు పేజీలు రాయొద్దన్నావు. రాయను. లేని రోగాల కోసం ఇన్నేళ్లు సెల్లులో వెతికి వెతికి నేను నేర్చుకున్నది కొంచెం కాదు. అమ్మకు కూడా మొదట చెయ్యే లేవలేదని నువ్వే చెప్పావు నాకు.

ఒక్కటే అడుగుతాను. గడ్డ యాడుంది?

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మూడు రోజులు ఆగేది కాదు ఇది. రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే తెస్తాండా. నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా ఎదురుగా కూర్చుంటాను. తిడితే తిట్టు. తిట్టడం అయిపోయాక చెప్పులు వేసుకో. ఆసుపత్రికి పోదాం.

నాకు భయంగా ఉందక్కా. అయినా వస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు
ఆశీర్వాదం

తా.క.: ఇప్పుడు టైము రాత్రి పదకొండున్నర. రేపు నాలుగింటి దాకా ఆగలేదని ఈ ఒక్కరోజుకు క్షమించు.

*

నంద్యాల,
24 మార్చి 2025.

నా తమ్ముడు ఆశీర్వాదానికి,

అక్క రూతు నిండు మనసుతో వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఆపరేషను చేసిన చెయ్యి ఇంకా లాగుతోంది, అక్షరాలు వంకరగా ఉంటాయి. ఇప్పుడు కారణం నీకు తెలుసు కాబట్టి వంక పెట్టవు.

పక్కనే ఉండి అంతా చూసుకున్నావు, ఇంకా ఈ ఉత్తరం ఎందుకంటావా? మొహం మీద చెప్పలేని మాట ఒకటి ఉండిపోయింది. ఆ రోజు నువ్వు ఎదురుగా కూర్చుంటే నేను తిట్టాను, ఏడ్చాను, చెప్పులు వేసుకున్నాను. ఈ మాట మాత్రం చెప్పలేకపోయాను.

నవంబరులో స్నానం చేస్తుంటే చంక దగ్గర బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. ముప్పై రెండేళ్లు ఎంతోమంది ఆడవాళ్లకు, "దాచుకోవద్దమ్మా, బేగా చూపించుకోండి" అని చెప్పిన నోరు ఇది. నాకు వచ్చేసరికి మూతపడింది. తెలిసినదాన్ని కాబట్టే ఎక్కువ భయపడ్డాను. ప్రార్థన చేశాను, కాదనను. అయితే ప్రార్థన చేసి డాక్టరు దగ్గరికి పోవడం వేరు, డాక్టరు దగ్గరికి పోకుండా ఉండటానికి ప్రార్థన చేయడం వేరు. నేను చేసింది రెండోది. అమ్మ మీద నలభై ఏళ్లు కోపం పెట్టుకుని, కడకు అమ్మ చేసిందే చేశాను.

జనవరి ఒకటిన బుట్టలో చెయ్యి పెట్టాను. స్వస్థత వాక్యం వచ్చింది. దాని వెనక పేరు రాసుకున్నాను. రాసుకోగానే నువ్వనుకున్నదే నేనూ అనుకున్నాను. రోగం ఉంది కాబట్టే ఈ మాట వచ్చిందని. నీ ఉత్తరంలో అచ్చం అదే లెక్క కనిపించినప్పుడు నేను తిట్టింది నిన్ను కాదురా, నన్ను.

అప్పుడే నువ్వు నీ కార్డు చాచి, "అక్కా, కళ్లద్దాలు తేలేదు. ఏముందో చదువు" అన్నావు. చదివాను. నీ కార్డులో ఏముందో తెలుసా? దేవుడు దీర్ఘాయుష్షు ఇచ్చి తృప్తిపరుస్తాడని ఉంది.

అది నాకు కావాలనిపించింది. ఒక్క క్షణం. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, ఆదివారం బడిలో పిల్లలకు దొంగతనం తప్పని చెప్పేదాన్ని, చర్చిలో కూర్చుని రబ్బరుతో నా పేరు చెరిపి, నీ పేరు రాసి, తమ్ముడి ఆయుష్షు దొంగిలించాను. నువ్వు రాయి చెక్కుకుని చావుకు సిద్ధపడుతుంటే, నీ దీర్ఘాయుష్షు నా దిండు కింద ఉంది. దాన్ని చూసి ఒక్కరోజు కూడా నాకు ధైర్యం రాలేదు. నాకు రావలసిన మాట నీ జేబులో ఉంది మరి.

నన్ను క్షమించు.

దేవుడు మాత్రం నేను ఇచ్చిన తప్పు చిరునామాకే పోయి పని చేసుకొచ్చాడు. కార్డు నీకు ఇవ్వకుంటే నువ్వు వెతికేవాడివి కాదు. నువ్వు వెతకకుంటే నేను చెప్పేదాన్ని కాదు. సరైన టైములో వచ్చారని డాక్టరమ్మ అంది. ఇంకా ఆరు సార్లు మందు ఎక్కించుకోవాలి. జుట్టు పోతుంది, పోనీ. భయం పోలేదు, అబద్ధం ఎందుకు. అయితే ఇప్పుడు దాచుకోవడం లేదు. స్త్రీల సమాజంలో నిలబడి అందరికీ చెప్పేశాను. మర్నాడే ముగ్గురు ఆడవాళ్లు నాతో వచ్చి పరీక్ష చేయించుకున్నారు. భారతమ్మ కూడా వచ్చింది.

ఆసుపత్రిలో నువ్వు చేసింది కూడా చర్చి అంతా చెప్పాను, ఏమనుకోవద్దు. నాకు సూది గుచ్చుతుంటే నువ్వు కళ్లు తిరిగి పడిపోవడం, నర్సమ్మ నన్ను దించి నా మంచం మీద నిన్ను పడుకోబెట్టడం, నేను ఆసుపత్రి గౌనులో స్టూలు మీద కూర్చుని నీకు విసరడం. నీ బీపీ చూసింది. నూట ఇరవై, ఎనభై. పిరికివాడివని ఇన్నాళ్లు నిన్ను ఎంత ఎగతాళి చేశానో! అంత భయంలో కూడా మొదటి బస్సెక్కి వచ్చినవాడు పిరికివాడు ఎలా అవుతాడు?

నీ కార్డు ఈ కవరులోనే పెట్టాను. నా కార్డు నాకు పంపు. బొగ్గు అంటి నల్లగా ఉన్నా ఫరవాలేదు, నాకు అట్లాగే కావాలి.

ఇంకో సంగతి. ఫోను బంద్ అన్నాను కదా. ఆ నియమం మారుస్తున్నా. రోజూ సాయంత్రం నాలుగింటికి నాకు ఫోను చెయ్యి. నాలుగు నుంచి నాలుగుంపావు దాకా ఇద్దరం కలిసి భయపడదాం, ఆ చివర ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం. నువ్వు ఒక్కడివే భయపడొద్దు. నేనూ ఇక ఒక్కదాన్నే భయపడను.

ఇట్లు,
ఈ ఇరవైకి నలభై ఏడు నిండి కూడా నిక్షేపంగా ఉన్న తమ్ముడికి
అక్క రూతు

తా.క.: పూలదండ ఎండిపోయింది. దాచిపెట్టాను. ఆరోసారి మందు అయ్యాక కృతజ్ఞత కూడిక పెడదాం. అప్పుడు కొత్తది తెప్పించి నీ మెడలో వేస్తాను. దానికైనా బతికి ఉండు.

ఇంకో తా.క.: రాయి వెనక వాక్యం చెక్కడం పూర్తయిందని ప్రసన్న చెప్పింది. ముందు వైపు 20 అని చెక్కావు చూడు, నీ కార్డు ప్రకారం అది తప్పు. 21 ఉండాలి. సున్నాను ఒకటి చేయడం రాయి మీద కుదరదంటావేమో. అయితే కొత్త బండ తీసుకో. టైము చాలా ఉంది.